కట్టుడు పళ్ళ మాట కూడా చెప్పండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల దంతవైద్యులకు,

నమస్కారం.

నేను రిటైర్డ్ తెలుగు పండిట్‌ని. ఉండేది చంద్రగిరిలో. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 32 ఏళ్ళు పనిచేశాను, నోట్లో పళ్ళెన్నో సరిగ్గా అన్నేళ్ళు. పిల్లలకు వర్ణాల ఉత్పత్తి స్థానాలు చెప్పేటప్పుడు బోర్డు ముందు నిలబడి నోరు బాగా తెరిచి చూపించేవాణ్ణి. "ఒరే, నాలుక కొస పై పళ్ళ వెనక తగిలితే త. అందుకే దాన్ని దంత్యం అన్నారు. పై పళ్ళు కింది పెదవిని తాకితే వ. అది దంత్యోష్ఠ్యం." రిటైరైన మూడో ఏటికి నా నోట్లో ఆ స్థానాలే ఖాళీ అయిపోయాయి. త అనబోతే గాలి పోయేది. స అనబోతే ఈల వచ్చేది. బ్యాంకు నుంచి ఫోన్ చేసిన అమ్మాయి "ఏ ఊరు సార్?" అని అడిగితే "తిరుపతి పక్కన చంద్రగిరి" అని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి ఫోన్ మా ఆవిడకిచ్చేశాను.

ఆ తర్వాత రెండేళ్ళలో రెండుసార్లు కట్టుడు పళ్ళు కట్టించుకున్నాను. మొదటి సెట్టు బీరువాలో ఉంది. రెండోది ఇప్పుడు నోట్లో ఉంది. ఈ రెండింటికీ తేడా పళ్ళలో కొంతే ఉంది, నాకు చెప్పిన మాటల్లో చాలా ఉంది. ఆ మాటల గురించే ఈ ఉత్తరం.

మొదటినుంచీ చెప్తాను. నాకు ఇరవయ్యేళ్ళుగా షుగర్ ఉంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుందని, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ కూడా మాట వినదని మీకు తెలుసు. నాకు పళ్ళు కదలడం మొదలయ్యాక తెలిసింది. పుచ్చిన పన్ను ఒక్కటీ లేదు. చూడటానికి నిక్షేపంలా ఉన్న పళ్ళు వేలితో తోస్తే ఊగేవి. ఒక్కొక్కటే పీకించుకుంటూ వచ్చాను. పైన నాలుగు, కింద ఆరు మిగిలినప్పుడు తిరుపతిలో ఒక పెద్ద క్లినిక్కుకు వెళ్ళాను. పేరు రాయను. ఏసీ గది, గోడకు టీవీ, అందులో తెల్లవాళ్ళ నవ్వులు. ఎక్స్‌రే తీశారు. ఆ తర్వాత డాక్టరు గారు లేచి పక్క గదిలోకి వెళ్ళారు, టై కట్టుకున్న ఒక అబ్బాయి వచ్చి లెక్క చెప్పాడు. పైనా కిందా ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో బిగించే లోహపు మరలు, వాటి మీద ఫిక్స్‌డ్ పళ్ళు, మొత్తం 5 లక్షల పైమాట, ఈఎంఐ ఉంది. షుగర్ ఎంతుందని ఒక్కరూ అడగలేదు.

"కట్టుడు పళ్ళయితే ఎంతవుతుంది నాయనా?" అన్నాను.

"అవి ఇప్పుడెవరు పెట్టించుకుంటున్నారు సార్, పాతకాలం" అన్నాడు.

తిట్టినా అంత చిన్నబోయేవాణ్ణి కాదు. పాతకాలం మనిషినే కదా, పాతకాలం పళ్ళు వద్దంటే ఎట్లా?

ఇంప్లాంట్ల మీద నాకు కోపం లేదు. టైటానియం లోహాన్ని ఎముక తనలో కలిపేసుకుంటుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన కనిపెట్టి, 1965లో మొదటిసారి ఒక పేషెంటు దవడలో పెట్టాడని తర్వాత చదివాను. గొప్ప పని. డబ్బుండి, దవడలో ఎముక ఉండి, షుగర్ అదుపులో ఉండి, పొగ అలవాటు లేనివాళ్ళు శుభ్రంగా పెట్టించుకోవచ్చు. పెట్టించుకున్న మిత్రుడు నాకున్నాడు, చెరకు కూడా నములుతున్నాడు, నేను పక్కన కూర్చొని చూస్తుంటాను. నా బాధల్లా వేరు. నా ముందు నాలుగు దారులుంటే ఒక్కటే దారి ఉన్నట్టు చూపించారు.

రెండో చోటికి వెళ్ళాను. అక్కడ అంతా తలకిందులు. "మిగిలిన పది పళ్ళూ తీసేద్దాం, అదే రోజు సెట్టు పెట్టేద్దాం, 12 వేలు" అన్నారు. రెండు రాకపోకల్లో పని ముగిసింది. అద్దంలో చూసుకుంటే పదేళ్ళు తగ్గినట్టనిపించింది. మనవడు "తాతకు పళ్ళొచ్చాయ్" అని వీధంతా చాటాడు. మూడు నెలలకు కింది సెట్టు మాట్లాడుతుంటేనే లేచి రావడం మొదలుపెట్టింది. ఐదో నెలలో పై సెట్టు తుమ్మితే ఊడి ఒళ్ళో పడింది, అదీ పెళ్ళి పందిట్లో, వియ్యంకుల వరసలో కూర్చున్నప్పుడు. తిరిగి అక్కడికి వెళ్తే "అలవాటు కావాలి సార్" అన్నారు. అంతే, ఇంకో ముక్క లేదు. ఇంటికొచ్చి సెట్టు బీరువాలో పెట్టేశాను. కట్టుడు పళ్ళంటే ఇంతే, డబ్బు దండగ అని ఊళ్ళో పదిమందికి చెప్పాను కూడా. నా మాట విని మానుకున్నవాళ్ళు ఎంతమందో.

అసలు సంగతి ఏడాది తర్వాత మూడో డాక్టరు చెప్పారు. చిన్న వయసు, నా దగ్గర చదివిన పిల్లల ఈడు అమ్మాయి. నా బీరువా సెట్టును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చెడ్డ సెట్టేమీ కాదు సార్. మీ దవడ మారిపోయింది" అన్నారు.

పన్ను ఉన్నంతకాలం దాని వేరు చుట్టూ ఉన్న ఎముకకు పని ఉంటుందట. నమిలినప్పుడల్లా ఆ ఒత్తిడి ఎముకకు అందుతుంది. పన్ను పోయాక ఆ ఎముక తరగడం మొదలవుతుంది. మొదటి ఆరు నెలల నుంచి ఏడాది దాకా బాగా తరుగుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా బతికినంతకాలం తరుగుతూనే ఉంటుంది. కింది దవడ పై దవడ కన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ తరుగుతుంది. పీకిన రోజే పెట్టిన సెట్టు ఆ రోజున్న చిగుళ్ళ ఆకారానికి చేసింది. చిగుళ్ళు కుంచించుకుపోయాక లోపలివైపు కొత్త పొర వేసి సరిచెయ్యాలి, దాన్ని రీలైనింగ్ అంటారు. లేదంటే గాయాలు పూర్తిగా మానాక వేరే సెట్టు చేయించుకోవాలి. అదే రోజు సెట్టు పెట్టడంలో తప్పేమీ లేదు, నెలల తరబడి బోసినోటితో తిరిగే పని తప్పుతుంది. "ఇది ప్రస్తుతానికి సార్, మూడు నెలలకు మళ్ళీ రండి, లోపల సరిచెయ్యాలి, దానికి ఇంత అవుతుంది" అని ఆ రోజు ఒక్క వాక్యం చెప్పి ఉంటే పెళ్ళి పందిట్లో నా పరువు నిలిచేది. రీలైనింగ్ అనే మాట నేను పుట్టి బుద్ధెరిగాక విన్నది ఆ మూడో డాక్టరు దగ్గరే.

పై సెట్టు ఎందుకు నిలుస్తుంది, కిందది ఎందుకు నిలవదు అని అడిగాను. "తడిగా ఉన్న బల్ల మీద స్టీలు ప్లేటు బోర్లిస్తే ఎత్తేటప్పుడు పట్టుకున్నట్టుంటుంది కదా సార్, పైన అంగిలంతా కప్పుతుంది కాబట్టి ఎంగిలి తడితో అట్లా పట్టుకుంటుంది. కిందది లాడం ఆకారంలో ఉంటుంది, పట్టుకోవడానికి చోటు తక్కువ. పైగా ఒకవైపు నాలుక, ఇంకోవైపు బుగ్గలు తోస్తుంటాయి" అన్నారు. అరనిమిషం పట్టింది చెప్పడానికి. 32 ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, మంచి పాఠం వింటే తెలుస్తుంది.

ఆవిడే ఇంకో దారీ చూపించారు. కింది దవడ ముందు భాగంలో రెండంటే రెండు ఇంప్లాంట్లు పెట్టి, వాటికి జాకెట్ టిచ్ బటన్‌లా బిగుసుకునే సెట్టు చేస్తారట. సెట్టు తీసి కడుక్కోవచ్చు, తింటున్నప్పుడు మాత్రం లేవదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో నిపుణులు కూర్చొని, పళ్ళన్నీ పోయినవాళ్ళ కింది దవడకు మొదట చెప్పాల్సింది ఈ పద్ధతేనని తేల్చారని చెప్పారు. నా పెన్షనూ నా షుగరూ చూసుకొని నేనే వద్దన్నాను. వద్దనుకున్నా మనసుకు కష్టంగా లేదు, తెలిసి వద్దనుకున్నాను కాబట్టి. టీవీ ఉన్న క్లినిక్కులో ఈ మధ్య దారి ఉందని ఎవరూ అనలేదు. 12 వేల చోటా అనలేదు.

ఇక రెండో సెట్టు. ఆరుసార్లు తిరిగాను. మొదటిసారి అల్జినేట్ అనే చల్లటి ముద్ద ట్రేలో పెట్టి నోట్లో నొక్కారు, సున్నం కలిపిన అట్లపిండి నోట్లో పోసినట్టుంది. రెండోసారి నా నోటికే సరిపోయేట్టు చేసిన ట్రే తెచ్చి, దాని అంచుల వెంట పచ్చటి కడ్డీ ఒకటి కరిగించి అంటించి, "ఈ అనండి, ఊ అనండి, నాలుక బయటపెట్టండి, బుగ్గలు లోపలికి పీల్చండి" అన్నారు. నోటి అచ్చు తీయడానికి నాచేత అచ్చులు పలికించారు. ఆ మాటే పైకి అంటే ఆవిడ నవ్వారు, అచ్చు చెడిపోయింది, మళ్ళీ తీశారు. తప్పు నాదే.

మూడోసారి మైనం దిమ్మెలు పెట్టి, పైదీ కిందదీ ఎంత ఎత్తులో కలవాలో చూశారు. ఎత్తు ఎక్కువైతే మాట్లాడేటప్పుడు పళ్ళు టకటకలాడతాయి, దవడ నొప్పెడుతుంది. తక్కువైతే గడ్డం ముక్కు దగ్గరికొచ్చి ముఖం ముడుచుకుపోతుంది. నా బీరువా సెట్టుకు ఈ ఘట్టం ఎప్పుడు జరిగిందో నాకు గుర్తే లేదు. నాలుగోసారి పళ్ళను మైనంలో గుచ్చి నోట్లో పెట్టి చూపించారు. "మార్చాల్సింది ఏమున్నా ఇప్పుడే చెప్పండి సార్, ల్యాబులో ఉడికాక మార్చలేం." నేను త థ ద ధ న అన్నాను. బాగానే పలికాయి. స మాత్రం ఈల వేసింది. ముందు పళ్ళు మైనంలోనే కాస్త జరిపారు. ఈల తగ్గింది. మా ఆవిడ రంగు చూసి "మరీ అంత తెల్లగా వద్దమ్మా, ఈయన మొహానికి నప్పవు" అంది. ఒక మెట్టు పసుపు రంగు తీసుకున్నాం. ఐదోసారి సెట్టు చేతికొచ్చింది. ఆరోసారి రాపిడి పుళ్ళు పడ్డ చోట అరగదీయించుకోవడానికి వెళ్ళాను, నిజానికి ఏడోసారీ ఎనిమిదోసారీ కూడా అందుకే వెళ్ళాను.

ల్యాబులో యాక్రిలిక్ పొడినీ ద్రవాన్నీ ముద్ద కలిపి, మైనం తీసేసిన అచ్చులో కూరి, వేడినీళ్ళలో ఉడికిస్తారు. 1930ల చివర్లో ఈ పదార్థం వచ్చేదాకా వల్కనైట్ అనే గట్టి రబ్బరుతో చేసేవాళ్ళట. నా సెట్టు చేసిన ల్యాబు మనిషిని నేను చూడలేదు. నవ్వినప్పుడల్లా ఒకసారి చూడాలనిపిస్తుంది.

సెట్టు ఇచ్చిన రోజు ఆవిడ ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక తెలుగులో చేత్తో రాసిచ్చారు. అది ఇప్పటికీ నా పర్సులో ఉంది. మొదటి వారం నోరంతా ఎంగిలి ఊరుతుంది, కంగారు పడొద్దు, నోరు దాన్ని తిండి అనుకుంటోంది. వాంతి వచ్చినట్టుంటే ముక్కుతో నిదానంగా ఊపిరి పీల్చండి. రోజూ పేపరు గట్టిగా చదవండి. ముందు పళ్ళతో కొరకొద్దు, కొరికితే వెనక లేస్తుంది. చిన్న ముక్కలు చేసి రెండు వైపులా సమంగా పెట్టుకొని నమలండి. కాఫీ వేడి అంగిలికి తెలియదు, పెదవితో చూసి తాగండి. పుండు పడితే సెట్టు తీసేయండి, కానీ నా దగ్గరికి వచ్చే ముందు ఒక పూట పెట్టుకొని రండి, ఎక్కడ రాసుకుంటుందో నాకు కనిపించాలి. ఇంట్లో ఆకురాయితో అరగదీయొద్దు. రాత్రి తీసి నీళ్ళలో వేయండి, చిగుళ్ళకు గాలి ఆడాలి, లేకుంటే అంగిలి ఎర్రబడి ఫంగస్ పడుతుంది. పేస్టుతో తోమొద్దు, గీతలు పడతాయి, సబ్బూ మెత్తటి బ్రష్షూ చాలు. కడిగేటప్పుడు కింద నీళ్ళున్న బక్కెట్టు పెట్టుకోండి, చేయి జారినా పగలదు. వేడినీళ్ళు వద్దు.

చివరి మాట దగ్గర ఆగాలి. మా ఆవిడ పసిపిల్లల పాలసీసాలు మరిగించిన అలవాటుతో, "శుభ్రంగా ఉంటాయి" అని నా మొదటి సెట్టును ఒకసారి మరిగే నీళ్ళలో వేసింది. కాస్త వంకరపోయింది. వేడికి యాక్రిలిక్ వంగుతుందని మాకెవరు చెప్పారు? అది ఊడిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చని ఇప్పుడు తోస్తోంది, ఆవిడతో అనలేదు. ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

కాగితంలో లేనిది ఒకటి నేనే నేర్చుకున్నాను. సెట్టు పెట్టిన పదో రోజున కొండ నుంచి ఎవరో లడ్డు తెచ్చారు. మెత్తగానే ఉంది కదా అని నోట్లో వేసుకున్నాను. లడ్డులో కలకండ ఉంటుందని తిరుపతి వాడికి ఒకరు చెప్పాలా! ఆ పలుకు ఒకటి సెట్టు కిందికి దూరి చిగురులో గుచ్చుకుంది, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఇప్పుడు లడ్డు చిదిపి, పలుకులు ఏరి మనవడికిచ్చి, మిగతాది తింటాను. వాడికి తాత కట్టుడు పళ్ళు చాలా లాభంగా ఉన్నాయి. కొండ వడ జోలికి ఇంకా పోలేదు.

కట్టుడు పళ్ళు సొంత పళ్ళలా పనిచేస్తాయని నేను అనడం లేదు. నమిలే బలం సొంత పళ్ళలో పావు వంతు కూడా రాదు. వేపిన చెనక్కాయలు కుదరవు, పచ్చి మామిడికాయ కుదరదు, ఉడికించిన చెనక్కాయలూ చిన్నగా తరిగిన కూరా మెత్తగా ఉడికిన ముక్కా కుదురుతాయి. ఐదారేళ్ళకోసారి సెట్టు మార్చుకోవాల్సి రావచ్చు. ఇవన్నీ ముందే చెప్పారు కాబట్టి నేను మోసపోయానని అనుకోలేదు. మన తిరుపతిలోనే దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రిలో కాలు లేనివాళ్ళకు కృత్రిమ కాళ్ళు అమరుస్తారు. ఇది నీ సొంత కాలే అని అక్కడ ఎవరూ అనరు. బిగించి, నడవడం నేర్పుతారు, రెండు కడ్డీల మధ్య పట్టుకొని అడుగులు వేయిస్తారు. పళ్ళ దగ్గరికి వచ్చేసరికి నోట్లో పెట్టి చేయి దులుపుకోవడం ఎందుకు? నోటికి కూడా నడక నేర్పాలి కదా.

మన జిల్లాల్లో ఇంకో చిక్కుంది, అది సంగటితో వచ్చింది. రాగిసంగటి నమిలి తినేది కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. ముద్ద చేసి పులుసులో అద్ది మింగుతారు, నమిలేవాణ్ణి చూస్తే పక్కవాళ్ళు నవ్వుతారు. అందుకే ఇంట్లో అవ్వకు ఒక్క పన్ను లేకపోయినా పూట గడిచిపోతుంది, ఎవరి కంటికీ ఆనదు. కంచంలోంచి తగ్గిపోయేవి వేరే ఉంటాయి. చెనక్కాయలు, జామకాయ, గట్టి కూరగాయలు, మాంసం. "నాకు సయించదులేరా" అంటుంది. బిడ్డలు నిజమే అనుకుంటారు. పళ్ళు పోతే పోయాయి, వయసైంది, ఇక ఎందుకు అనే మాట మన ఇళ్ళలో ఎంత మామూలో మీకు తెలుసు. మీ దగ్గరికి ఒక అవ్వ పన్ను పీకించుకోవడానికి వచ్చినప్పుడు, పీకి దూది పెట్టి పంపకముందు, "ఏం తింటున్నావమ్మా?" అని ఒక్క మాట అడగండి.

మా అక్క పలమనేరు దగ్గర పల్లెలో ఉంటుంది. ఎనిమిదేళ్ళ కింద బావి గట్టు మీద జారిపడి ముందు పళ్ళు రెండు పోయాయి. సంతలో గొడుగు కింద కూర్చొని పళ్ళు కట్టేవాడి దగ్గరికి వెళ్ళింది. అరగంటలో రెండు పళ్ళు పెట్టేశాడు. నోట్లోనే గట్టిపడే యాక్రిలిక్ ముద్దను పక్క పళ్ళకు చుట్టి అతికించేశాడు. అది తీయడానికి రాదు, కడగడానికి రాదు. చిగురు వాచి చీము పట్టింది, ఆసరాగా అతికించిన మంచి పళ్ళు కదిలిపోయాయి. రెండు పోగొట్టుకొని వెళ్ళిన మనిషికి నాలుగేళ్ళలో ఇంకో ఐదు పోయాయి. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని నేను కోపంగా అన్నాను, అన్నాక బాధపడ్డాను.

రిజిస్టరైన దంతవైద్యులు కానివాళ్ళు ఈ పని చేయకూడదని చట్టం చెబుతోంది. వాణ్ణి సంతలోంచి లేపించడం తహసీల్దారు పని. మీతో నేను అనాల్సింది వేరే ఉంది. వాడి దగ్గరికి ఎందుకు వెళ్ళావని అక్కను అడిగితే ఏమందో తెలుసా? "వాడు ముందే ఎంతో చెప్పినాడ్రా. మన మాటలో చెప్పినాడు. నా పక్కన కింద కూర్చొని చెప్పినాడు." చదువులేని గొడుగు మనిషి చేస్తున్న ఈ మూడూ మీకు కష్టమా? ధర ముందు చెప్పడం, తెలుగులో చెప్పడం, కూర్చొని చెప్పడం. మీ రిసెప్షన్ బల్ల మీద ఇంప్లాంట్ కంపెనీ కరపత్రాలు ఉంటాయి, అన్నీ ఇంగ్లీషులో. వాటి పక్కన తెలుగులో ఒక్క కాగితం పెట్టండి. ఒకటి రెండు పళ్ళు పోతే పక్క పళ్ళ ఆసరాతో అతికించే బ్రిడ్జి, దానికి ఆ పక్క పళ్ళను అరగదీయాలి. అది వద్దంటే తీసి పెట్టుకునే పన్ను, దానికి కొక్కేలుంటాయి. అన్నీ పోతే సెట్టు, లేదా రెండు ఇంప్లాంట్ల మీద సెట్టు, లేదా అన్నీ ఇంప్లాంట్లు. ఏమీ చేయించుకోకపోతే పక్క పన్ను ఖాళీలోకి వాలుతుంది, ఎదుటి పన్ను దిగుతుంది. ఒక్కోదానికి ఎంత ఖర్చు, ఎన్నిసార్లు రావాలి, ఎన్నాళ్ళు నిలుస్తుంది. ఒక పేజీ చాలు. భాష సరిచూడాల్సి వస్తే నాకు పంపండి, డబ్బులు తీసుకోను.

డబ్బు లేనివాళ్ళ సంగతి కూడా మీ చెవిన వేయాలి. కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017 ఏప్రిల్ 1న మన పక్కనే నెల్లూరులో మొదలుపెట్టింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న, లేదా నెలకు 15 వేల లోపు ఆదాయం ఉన్న 60 ఏళ్ళు దాటినవాళ్ళకు చేతికర్ర, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ, కళ్ళద్దాలు ఉచితంగా ఇవ్వాలి. ఆ జాబితాలో కట్టుడు పళ్ళు కూడా ఉన్నాయి. చేతికర్రను క్యూలో నిలబెట్టి ఒక్కరోజులో వంద మందికి పంచొచ్చు. పళ్ళు అట్లా పంచడానికి రావు, ఇంతసేపూ నేను చెప్పిన ఆరు రాకపోకలూ కావాలి, చేసే చేతులు కావాలి. ఆ చేతులు మీవే. ప్రభుత్వ డెంటల్ కాలేజీ అంటే తిరుపతి వాళ్ళకు దగ్గరిది కడపలోదే. పలమనేరు అవ్వ ఆరుసార్లు కడపకు బస్సెక్కగలదా? కేరళలో మందహాసం అనే పథకం కింద పేద వృద్ధులకు ప్రభుత్వమే పళ్ళ సెట్లు పెట్టిస్తోంది. పలమనేరు దాటితే వచ్చే కర్ణాటకలో దంత భాగ్య పేరుతో డెంటల్ కాలేజీల ద్వారా ఇలాంటిదే పెట్టారు. మీ సంఘం తరఫున ఇద్దరు కలెక్టర్ల దగ్గరికీ వెళ్ళి, వయోశ్రీ క్యాంపులో పళ్ళ పని మేం చూస్తాం, మండలానికో క్లినిక్కు ఒప్పుకుంటాం, ప్రభుత్వం ఇచ్చే ధరకే చేస్తాం అని అడగండి. మేం ముసలివాళ్ళం అర్జీలు పెడితే ఫైల్లో పెడతారు. డాక్టర్లు పది మంది కలిసి వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు.

చిన్న కోరిక ఇంకోటి. సెట్టు చేసేటప్పుడు లోపల, బయటికి కనబడని చోట, మనిషి పేరు వేయించండి. చిన్న కాగితం మీద రాసి పైన పారదర్శకమైన యాక్రిలిక్ పూస్తే సరిపోతుందని నా డాక్టరు చెప్పారు, నా దానికి వేయించారు. వృద్ధాశ్రమాల్లో ఇది చాలా అవసరం. పెళ్ళిళ్ళలో కూడా. కల్యాణమండపం హాల్లో పదిమంది ముసలాళ్ళం వరసగా పడుకుంటే పొద్దున్నే గిన్నెల దగ్గర ఎవరి పళ్ళు ఎవరివో తెలియక జరిగే భాగోతం మీరు చూడలేదు.

వచ్చే సోమవారం మా అక్కను తిరుపతికి తీసుకొస్తున్నాను. నాకు సెట్టు చేసిన డాక్టరు పై చదువుకు వేరే ఊరు వెళ్ళారు కాబట్టి మీలో ఎవరో ఒకరి దగ్గరికి రావాలి. మిగిలిన పళ్ళలో ఏవి నిలుస్తాయో, ఏవి తీయాలో చూడండి. ఎంతవుతుందో ముందు చెప్పండి. ఆమెకు కుడి చెవి సరిగా వినపడదు, ఎడమవైపు కూర్చొని చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పండిట్,
చంద్రగిరి